వాక్యం ఎప్పుడు నిజమవుతుంది? పోలండ్ తర్కవేత్తలు చెప్పిన జవాబు

నిజం వేరు, రుజువు వేరు, మనకు తెలియడం వేరు. ఈ మూడింటినీ విడదీసి చూపిన ల్వూవ్–వార్సా తత్త్వశాస్త్ర సంప్రదాయం కంప్యూటర్ యుగానికి కూడా పనికొచ్చే పనిముట్లను ఇచ్చింది.

వాదన ఎంతకీ తెగనప్పుడు చాలామంది ఒక మాటతో దాన్ని ముగిస్తారు: “ఎవరి నిజం వాళ్లది.” వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆ మాటను అక్షరాలా తీసుకుంటే చిక్కు వస్తుంది. ఒక మందు రోగం తగ్గిస్తుందా లేదా, ఒక వంతెన లారీల బరువు మోస్తుందా లేదా అన్న ప్రశ్నలకు ఎవరి జవాబు వాళ్లదే అనుకుంటే ఇక ప్రయోగాలతో పనేముంది? మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మనకు తెలిసినా తెలియకపోయినా లోకం ఒక తీరులో ఉందనీ, దాన్ని బట్టే మన వాక్యాలు నిజమో అబద్ధమో అవుతాయనీ శాస్త్రం నమ్ముతుంది.

ఆ నమ్మకాన్ని నమ్మకంగానే వదిలేయకుండా, గణితంలో సిద్ధాంతాన్ని పరీక్షించినట్టు పరీక్షించిన వారు ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో పోలండ్‌లో కనిపిస్తారు. తత్త్వశాస్త్ర చరిత్రలో వారిది ‘ల్వూవ్–వార్సా సంప్రదాయం’. నిజం అంటే ఏమిటి, దాన్ని నిర్వచించవచ్చా, నిజమైనదంతా రుజువు చేయగలమా అన్నవి వారి ప్రశ్నలు. వాటికి దొరికిన జవాబులు తత్త్వశాస్త్ర తరగతి గదులు దాటి డేటాబేస్‌లలోకి, కాలిక్యులేటర్లలోకి, సాఫ్ట్‌వేర్‌ను తనిఖీ చేసే ప్రోగ్రాముల్లోకి వెళ్లాయి.

ల్వూవ్‌లో వాన

ఈ కథ 1895లో మొదలవుతుంది. వియన్నాలో ఫ్రాంజ్ బ్రెంటానో దగ్గర చదువుకున్న కజిమీర్జ్ త్వర్దొఫ్‌స్కీ ఆ ఏడాది ల్వూవ్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా వచ్చాడు. వయసు 29 ఏళ్లు. అప్పటికి ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశం లేదు. ల్వూవ్ ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడది ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరం. త్వర్దొఫ్‌స్కీ తన పేరున ఒక పెద్ద సిద్ధాంతాన్ని వదిలి వెళ్లలేదు. శిష్యులకు ఒక అలవాటు నేర్పాడు: చెప్పదలచుకున్నది స్పష్టంగా చెప్పు. స్పష్టంగా రాయలేని రచయిత స్పష్టంగా ఆలోచించలేదనే అనుకోవాలన్నది ఆయన పట్టుదల.

1900లో ఆయన ‘సాపేక్ష సత్యాలు’ అనే భావన మీద ఒక వ్యాసం రాశాడు. అందులోని వాదన తేలిగ్గా అర్థమవుతుంది. “వాన పడుతోంది” అన్న వాక్యం ఈ రోజు నిజం, రేపు అబద్ధం. ఇక్కడ నిజం, పక్క ఊళ్లో అబద్ధం. కాబట్టి నిజం కాలాన్నీ స్థలాన్నీ బట్టి మారుతుందని కొందరంటారు. త్వర్దొఫ్‌స్కీ దీన్ని ఒప్పుకోలేదు. మారుతున్నది నిజం కాదు, వాక్యం సగంలో ఆగిపోయింది అన్నాడు. నోటితో పలికిన మాట ఒకటే అయినా, ఈ రోజు ఇక్కడ పలికినప్పుడు చెప్పిన సంగతి వేరు, రేపు అక్కడ పలికినప్పుడు చెప్పే సంగతి వేరు. ఆ సంగతిని పూర్తిగా రాయాలంటే ఏ క్యాలెండర్ ప్రకారం ఏ తేదీ, ఏ ప్రామాణిక సమయం ప్రకారం ఎన్ని గంటలు, ఏ నగరంలో ఏ గుట్ట మీద అన్నవన్నీ చేర్చాలి. చేర్చాక ఆ వాక్యం ఎప్పటికీ, ఎక్కడైనా, ఎవరికైనా నిజమే అవుతుంది. లేదంటే ఎప్పటికీ అబద్ధమే అవుతుంది.

“చన్నీటి స్నానం ఆరోగ్యానికి మంచిది” లాంటి వాక్యాలకూ ఇదే వర్తిస్తుంది. ఒకరికి మంచిది, ఇంకొకరికి కాదు అంటే నిజం రెండుగా చీలిందని కాదు. ఎవరికి, ఏ పరిస్థితిలో అన్నది వాక్యంలో లేదని మాత్రమే. ఔషధ పరీక్షల నివేదికలో ఏ వయసు వారు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు అన్నవి తప్పనిసరిగా రాయడం వెనుక ఉన్న తర్కం కూడా ఇదే.

రేపటి మాట సంగతేమిటి?

త్వర్దొఫ్‌స్కీ శిష్యుల్లో నలుగురి పేర్లు ముఖ్యంగా చెప్పుకోవాలి: యాన్ వుకషెవిచ్, స్టానిస్లావ్ లెష్నెఫ్‌స్కీ, తదేఉష్ కొతర్బిన్‌స్కీ, కజిమీర్జ్ ఐదుకెవిచ్. గురువు మాటను తూచా తప్పకుండా పాటించడం వీరి పద్ధతి కాదు. గురువు నేర్పిన స్పష్టతను గురువు సిద్ధాంతాల మీదే ప్రయోగించారు.

వారిలో వుకషెవిచ్ (1878–1956) ముందు నిలుస్తాడు. 1915లో వార్సా విశ్వవిద్యాలయం పోలిష్ భాషలో మళ్లీ తెరుచుకున్నప్పుడు అక్కడికి వెళ్లి, గణితజ్ఞులతో కలిసి తర్కశాస్త్రానికి పెద్ద కేంద్రాన్ని నిర్మించాడు. స్వతంత్ర పోలండ్‌లో 1919లో విద్యామంత్రిగా పనిచేశాడు. ఆ తర్వాత రెండుసార్లు ఆ విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యాడు.

ఆయన్ను వేధించిన ప్రశ్న భవిష్యత్తుకు సంబంధించినది. “వచ్చే ఏడాది డిసెంబరు 21న మధ్యాహ్నం నేను వార్సాలో ఉంటాను” అని ఒకరు అన్నారనుకుందాం. తేదీ, వేళ, స్థలం అన్నీ ఉన్నాయి. త్వర్దొఫ్‌స్కీ లెక్కన వాక్యం పూర్తయింది కాబట్టి అది ఇప్పుడే నిజం కావాలి, లేదా ఇప్పుడే అబద్ధం కావాలి. ఇప్పుడే నిజమైతే ఆ రోజు అతను వార్సాలో లేకుండా ఉండటం అసాధ్యం. ఇప్పుడే అబద్ధమైతే ఉండటం అసాధ్యం. మరి అతని ఇష్టానికి చోటేది? అంతా ముందే రాసిపెట్టి ఉన్నట్టే కదా!

వుకషెవిచ్ దీనికి సాహసమైన పరిష్కారం చూపాడు. ప్రతి వాక్యం నిజమో అబద్ధమో అయి తీరాలన్న పాత నియమాన్నే సడలించాడు. 1920లో ప్రచురించిన పత్రంలో మూడో విలువను ప్రవేశపెట్టాడు. నిజానికి 1, అబద్ధానికి 0 ఇస్తే, ఇంకా తేలనిదానికి సగం. సగం విలువ ఉన్న వాక్యాన్ని కాదంటే వచ్చేదీ సగమే. “అతను ఉంటాడు లేదా ఉండడు” అన్న వాక్యం విలువ కూడా సగమే. రెండు విలువల తర్కంలో ఎప్పుడూ నిజమయ్యే ఈ రూపం ఇక్కడ ఆ హోదా కోల్పోతుంది. ఏదో సరదాకి మూడో గడి గీయడంతో ఆయన ఆగలేదు. ‘కాదు’, ‘లేదా’, ‘మరియు’, ‘అయితే’ అనే మాటలు మూడు విలువలతో ఎలా నడవాలో పట్టికలు కట్టి చూపాడు. యూక్లిడ్ జ్యామితి ఒక్కటే జ్యామితి కాదని పందొమ్మిదో శతాబ్దం తేల్చినట్టే, అరిస్టాటిల్ నుంచి వస్తున్న తర్కం ఒక్కటే తర్కం కాదని ఇది చూపింది.

వంద దాటిన ఈ ఆలోచన నీడ నేటి కార్యాలయాల మీద కూడా ఉంది. డేటాబేస్‌లను ప్రశ్నించడానికి వాడే ఎస్‌క్యూఎల్ భాషలో నిజం, అబద్ధం, తెలియదు అని మూడు విలువలు ఉంటాయి. ఇందులో ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ అనే మాటలు వుకషెవిచ్ పట్టికల్లో నడిచినట్టే నడుస్తాయి. ఒక జాబితాలో ఎవరిదో వయసు గడి ఖాళీగా ఉందనుకుందాం. “60 దాటినవారు” అని అడిగితే ఆ పేరు రాదు. “60 దాటనివారు” అని అడిగినా రాదు. “దాటినవారు లేదా దాటనివారు” అని రెండూ కలిపి అడిగినా రాదు! ఎందుకంటే ఖాళీ గడి విషయంలో ఆ వాక్యం నిజం కాదు, ‘తెలియదు’ మాత్రమే. ఈ సంగతి తెలియని ప్రోగ్రామర్ పింఛను జాబితా తయారు చేస్తే మనిషి ఊళ్లో ఉంటాడు, లెక్కలో ఉండడు.

అయితే ఈ రెండు చోట్లా మూడో విలువకు అర్థం ఒకటి కాదు. వయసు గడి ఖాళీగా ఉన్న మనిషికి వయసంటూ ఒకటి ఉంది, తెలియనిది మనకు. వుకషెవిచ్ చెప్పిన రేపటి సంగతి లోకంలోనే ఇంకా తేలలేదు. ‘తేలలేదు’, ‘తెలియలేదు’ అన్న రెండు మాటలను కలిపేస్తే వచ్చే గందరగోళమే ఈ సంప్రదాయం అడుగడుగునా విడదీసి చూపింది.

బ్రాకెట్లు లేని లెక్క

స్పష్టత కోసం పడిన ఆరాటంలోనే వుకషెవిచ్ 1924లో ఇంకో చిన్న పని చేశాడు. అది ఆయన పేరు కన్నా ఎక్కువ దూరం ప్రయాణించింది. 2 + 3 × 4 అని రాస్తే ముందు కూడాలా, ముందు హెచ్చవేయాలా అన్న సందేహం వస్తుంది. అందుకే బ్రాకెట్లు వాడతాం. గుర్తును సంఖ్యల మధ్య కాక వాటి ముందు పెడితే బ్రాకెట్లే అక్కర్లేదని ఆయన గమనించాడు. × + 2 3 4 అని రాస్తే ముందు 2, 3 కూడి, వచ్చినదాన్ని 4తో హెచ్చవేయాలి; జవాబు 20. + 2 × 3 4 అని రాస్తే జవాబు 14. ఎక్కడా సందేహం లేదు. ఆయన దీన్ని తర్క వాక్యాల కోసం తయారుచేశాడు. లోకం దీన్ని ‘పోలిష్ సంకేత పద్ధతి’ అంది.

దీన్నే తిరగేసి గుర్తును చివర పెడితే 2 3 + 4 × అవుతుంది. యంత్రానికి ఇది మరీ అనుకూలం: సంఖ్యలను వరసగా పేర్చుకుంటూ పోయి, గుర్తు రాగానే పైనున్న రెండింటితో లెక్క చేస్తే చాలు. 1972లో హ్యూలెట్–ప్యాకర్డ్ తెచ్చిన హెచ్‌పీ–35 జేబు కాలిక్యులేటర్ ఇలాగే పనిచేసేది. క్రియ చివర వచ్చే తెలుగు లాంటి భాష మాట్లాడేవారికి ఈ వరస కొత్తగా అనిపించదు. “రెండూ మూడూ కలుపు, నాలుగుతో హెచ్చవేయి” అని మనం నోటితో చెప్పే లెక్క సరిగ్గా ఇదే క్రమంలో ఉంటుంది.

తన మీద తానే నింద వేసుకునే వాక్యం

ఇక అసలు ప్రశ్న. నిజం అంటే ఏమిటి? లోకం ఎలా ఉందో అలా చెప్పేది నిజమని అరిస్టాటిల్ కాలం నుంచీ వింటున్నదే. కానీ ఈ సాదా మాటను నిర్వచనంగా మార్చబోతే ఒక పాత ముల్లు గుచ్చుకుంటుంది. ఈ వాక్యం చూడండి:

“ఈ వాక్యం అబద్ధం.”

ఇది నిజమైతే అది చెప్పినట్టే జరగాలి, అంటే ఇది అబద్ధం. అబద్ధమైతే అది చెప్పింది సరిపోయినట్టే, అంటే ఇది నిజం. ప్రాచీన గ్రీకుల నుంచి ఉన్న ఈ చిక్కును చాలామంది మాటల గారడీ అని పక్కన పెట్టారు. వార్సా తర్కవేత్తలు పెట్టలేదు. ‘నిజం’ అనే మాటను వాడే విధానంలోనే లోపం ఉంటే, దాని మీద కట్టిన శాస్త్రం ఎలా నిలుస్తుందన్నది వారి ఆందోళన.

దీన్ని తేల్చిన వ్యక్తి ఆల్ఫ్రెడ్ టార్స్కీ (1901–1983). లెష్నెఫ్‌స్కీ దగ్గర డాక్టరేట్ చేసిన ఏకైక విద్యార్థి ఆయనే. యూదు కుటుంబంలో పుట్టిన టార్స్కీకి ఇంటిపేరు మార్చుకున్నా పోలండ్‌లో ఆచార్య పదవి దక్కలేదు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే, ఇల్లు గడవడానికి వార్సాలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. నిజం భావన మీద ఆయన రాసిన సుదీర్ఘ గ్రంథం 1933లో పోలిష్‌లోనూ, ఆ తర్వాత జర్మన్‌లోనూ వెలువడింది.

టార్స్కీ ముందుగా ఒక షరతు పెట్టాడు. నిజానికి ఎవరు ఏ నిర్వచనం ఇచ్చినా, దాని నుంచి ఇలాంటి వాక్యాలన్నీ రావాలి: “మంచు తెల్లగా ఉంటుంది” అనే వాక్యం నిజం కావాలంటే మంచు తెల్లగా ఉండాలి, ఉంటే చాలు. చూడగానే ఇందులో ఏముంది అనిపిస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే, కొటేషన్ గుర్తుల లోపల ఉన్నది ఒక వాక్యం, బయట ఉన్నది లోకంలోని మంచు. మధ్యలో మనుషుల అభిప్రాయం, పెద్దల ఆమోదం, రుజువు, నమ్మకం వేటికీ చోటు లేదు.

రెండో అడుగులో ఆయన రెండు భాషలను వేరు చేశాడు. సంస్కృత వ్యాకరణాన్ని తెలుగులో బోధించే పుస్తకాన్ని తీసుకోండి. అందులో చర్చకు వచ్చే భాష సంస్కృతం, చర్చ నడిచే భాష తెలుగు. మొదటిదాన్ని విషయ భాష అనీ, రెండోదాన్ని అధిభాష అనీ అనవచ్చు. ఒక భాషలోని వాక్యాలు నిజమా కాదా అన్న మాట ఆ భాషలో కాక, దాని పైనుంచి చూసే అధిభాషలోనే అనాలి. అలా అనుకుంటే “ఈ వాక్యం అబద్ధం” అన్న వాక్యం తయారే కాదు. తన గురించి తాను తీర్పు చెప్పుకునే అధికారం దానికి లేదు.

మూడో అడుగు గణితానిది. ఒక భాషలో వాక్యాలకు అంతు లేదు; ఒక్కోదానికీ విడివిడిగా షరతు రాసుకుంటూ పోలేం. కాబట్టి చిన్న వాక్యాల నుంచి పెద్ద వాక్యాలకు వెళ్లే నియమాలు కావాలి. “అది, ఇది” అని రెంటిని కలిపిన వాక్యం నిజం కావాలంటే రెండూ నిజం కావాలి. “అది లేదా ఇది” అంటే ఒకటైనా నిజం కావాలి. అయితే “ప్రతి సంఖ్యకూ దాని కన్నా పెద్ద సంఖ్య ఉంది” లాంటి వాక్యాన్ని విడదీస్తే లోపల మిగిలే ముక్కలు నిజమూ కావు, అబద్ధమూ కావు. “ఫలానాది మూడు కన్నా పెద్దది” అన్నది ఒంటరిగా ఏ విలువా లేని మాట. ఇక్కడ టార్స్కీ ఆశ్రయించిన భావన ‘తృప్తిపరచడం’. తెలుగు మాధ్యమంలో లెక్కలు చదివిన ఎవరికైనా ఈ మాట తెలుసు: ఫలానా విలువ సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది అంటాం. “మూడు కన్నా పెద్దది” అన్నదాన్ని 5 తృప్తిపరుస్తుంది, 2 తృప్తిపరచదు. ముందు ఈ తృప్తిపరచడాన్ని నియమాలతో నిర్వచించి, దాని మీద నిజాన్ని నిర్వచించాడు. అంతులేని వాక్యాలకు కొద్దిపాటి నియమాలు సరిపోయాయి.

నిజం వేరు, రుజువు వేరు

ఈ గ్రంథంలోనే ఇంకో ఫలితం ఉంది. సంఖ్యల కూడికలు, గుణకారాల గురించి మాట్లాడగల భాష ఏదైనా, అందులో ఏ వాక్యాలు నిజమో ఆ భాషలోనే నిర్వచించడం అసాధ్యం.

కారణం స్థూలంగా ఇది. ప్రతి వాక్యానికీ ఒక సంఖ్యను గుర్తుగా ఇవ్వవచ్చు. అప్పుడు సంఖ్యల గురించి మాట్లాడే భాష తన వాక్యాల గురించి తానే మాట్లాడుకోగలుగుతుంది. ‘నిజమైన వాక్యాల సంఖ్యలు’ అన్న సమూహాన్ని ఆ భాషలోనే నిర్వచించగలిగితే, “నా సంఖ్య ఆ సమూహంలో లేదు” అని చెప్పే వాక్యాన్ని తయారు చేయవచ్చు. అది పాత “ఈ వాక్యం అబద్ధం” అన్నదే, గణిత వేషంలో. వైరుధ్యం తప్పదు. కాబట్టి అలాంటి నిర్వచనం ఉండదు.

మరి రుజువు సంగతి? ఒక రుజువు సరైనదా కాదా అని వరసగా మెట్లు చూసుకుంటూ యాంత్రికంగా తనిఖీ చేయవచ్చు. అందువల్ల ‘రుజువు చేయగల వాక్యం’ అన్న భావనను సంఖ్యల భాషలోనే నిర్వచించవచ్చు. ఒకటి నిర్వచించగలం, రెండోది నిర్వచించలేం. అంటే ఆ రెండూ ఒకటి కావు. ఏ నియమావళి తీసుకున్నా నిజమైనవీ, ఆ నియమావళితో రుజువయ్యేవీ సరిగ్గా సరిపోవు. కూర్ట్ గోడెల్ 1931లో ఇంకో దారిలో చేరుకున్న తీరం కూడా ఇదే.

అలాగని రుజువు మీద ఆశ వదులుకోవాల్సిన పని లేదు. టార్స్కీ విద్యార్థి మోయ్‌జెష్ ప్రెస్‌బర్గర్ 1929లో దీనికి మరో వైపు చూపాడు. పూర్ణ సంఖ్యల గురించి మాట్లాడేటప్పుడు గుణకారాన్ని వదిలేసి కూడికతో సరిపెట్టుకుంటే, ఆ భాషలోని ఏ వాక్యమైనా నిజమో అబద్ధమో తేల్చే యాంత్రిక పద్ధతి ఉంది. ఇది చిన్న ప్రపంచమే కానీ ఎంతో ఉపయోగం ఉన్నది. ప్రోగ్రాములో ఒక వరస 100 గడులది అయితే, నడుస్తున్నప్పుడు అది 101వ గడి వైపు ఎప్పుడైనా వెళుతుందా అన్నది చాలావరకు కూడికలు, హెచ్చుతగ్గుల ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌ను ముందుగా తనిఖీ చేసే నేటి సాధనాల్లో ‘ప్రెస్‌బర్గర్ అంకగణితం’ ఒక మామూలు మాట. టార్స్కీ కూడా వాస్తవ సంఖ్యల బీజగణితానికీ, ప్రాథమిక జ్యామితికీ అలాంటి పద్ధతే కనుగొన్నాడు. అది 1948లో పూర్తిగా ప్రచురితమైంది.

తెలియడానికి ముందే నిజం

1935లో పారిస్‌లో జరిగిన శాస్త్రీయ తత్త్వశాస్త్ర మహాసభలో టార్స్కీ తన సిద్ధాంతాన్ని వివరించాడు. అక్కడ గట్టి వాదనే నడిచింది. వియన్నా బృందానికి చెందిన ఆటో న్యూరాత్ లాంటివారికి ఇది నచ్చలేదు. మన చేతిలో ఉన్నవి పరిశీలనలు, వాక్యాలు మాత్రమే, వాటిని దాటి లోకంతో పోల్చిచూడటం ఎలా అన్నది వారి అభ్యంతరం. త్వర్దొఫ్‌స్కీ, ఐదుకెవిచ్‌ల శిష్యురాలు మరియా కొకొషిన్‌స్కా (1905–1981) టార్స్కీ పక్షాన నిలిచి, ఈ నిర్వచనం నిజాన్ని సాపేక్షవాదం నుంచి ఎలా కాపాడుతుందో వ్యాసాల్లో చర్చించింది. ఇక్కడ కీలకమైన తేడా ఒకటే: నిజం కావడం ఒకటి, నిజమని మనకు నిర్ధారణ కావడం మరొకటి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం వేళ గుంటూరుతో సహా పలుచోట్ల నుంచి చూసిన ఖగోళ శాస్త్రవేత్తలకు సూర్యుడి అంచున వెలుగు రేఖలు కనిపించాయి. వాటిలోని పసుపు రేఖ అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోదని తర్వాత తేలింది. హీలియం భూమి మీద దొరికింది 1895లో. “సూర్యుడిలో హీలియం ఉంది” అన్నది 1868కి ముందు ఎవరికీ తెలియదు, ఎవరూ రుజువు చేయలేదు. ఆ పేరే లేదు. అయినా సూర్యుడిలో హీలియం ఉంది. మారింది మన తెలివిడి. ఈ తేడాను వదిలేస్తే, కనుక్కోవడం అన్న మాటకే అర్థం మిగలదు.

మరి నిర్ధారణ ఎలా జరుగుతుంది? ఈ ప్రశ్నను యానినా హొసియాసన్–లిండెన్‌బౌమ్ (1899–1942) సంభావ్యత గణితంతో పరిశీలించింది. ఆమె 1940లో ప్రచురించిన పత్రంలో కార్ల్ హెంపెల్ లేవనెత్తిన ఒక చిక్కును చర్చించింది. “కాకులన్నీ నల్లనివే” అన్నా, “నల్లగా లేనిదేదీ కాకి కాదు” అన్నా సంగతి ఒకటే. అలాంటప్పుడు నల్లగా లేని, కాకి కాని ఒక మల్లెపువ్వును చూస్తే “కాకులన్నీ నల్లనివే” అన్నదానికి బలం పెరిగినట్టేనా? పెరిగితే ఇంట్లో కూర్చునే పక్షిశాస్త్రం చదివేయవచ్చు! ఆమె సూచించిన దారి ఇది: లోకంలో కాకులు కొన్ని, నల్లగా లేని వస్తువులు లెక్కలేనన్ని. కాబట్టి ఒక కాకిని చూస్తే దక్కే బలంతో పోలిస్తే మల్లెపువ్వుతో దక్కే బలం అత్యల్పం. ఒక సాక్ష్యం సిద్ధాంతానికి అనుకూలమా కాదా అన్నది సరిపోదు, ఎంత అనుకూలం అన్నది లెక్కించాలి. నేడు శాస్త్రంలో విస్తృతంగా వాడే బేయీషియన్ ఆలోచనా విధానంలో ఈ చిక్కుకు ఇచ్చే జవాబు ఇప్పటికీ దాదాపు ఇదే.

కొండ మీద పొగ

ఈ సంప్రదాయానికి భారతదేశంతో నేరుగా ఒక బంధం ఉంది. వార్సాలో స్టానిస్లావ్ షాయెర్ (1899–1941) అనే భారతీయ శాస్త్రాల పండితుడు ఉండేవాడు. సంస్కృత, బౌద్ధ గ్రంథాలు చదివిన ఆయనకు వుకషెవిచ్ బృందపు కొత్త తర్కం చేతికందే దూరంలో దొరికింది. అప్పటివరకు ఐరోపా పండితులు న్యాయశాస్త్రంలోని అనుమానాన్ని అరిస్టాటిల్ మూడు వాక్యాల మూసలో పోసి, అందులో రెండు అంగాలు వృథా అనేవారు. 1930ల తొలినాళ్లలో జర్మన్‌లో రాసిన వ్యాసాల్లో షాయెర్ ఈ పద్ధతిని తప్పుపట్టాడు.

ఆ అనుమానంలోని ఐదు అంగాలు తర్కశాస్త్రం చదివినవారికి పరిచితమే. కొండ మీద నిప్పు ఉంది అన్నది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి అన్నది హేతువు. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా అన్నది ఉదాహరణ. ఈ కొండా అలాంటిదే అన్నది ఉపనయం. కాబట్టి నిప్పు ఉంది అన్నది నిగమనం. కొత్త తర్కం కళ్లతో చూస్తే ఇందులో వృథా ఏమీ లేదని షాయెర్ వాదన. ఉదాహరణలో ‘ప్రతి చోటికీ’ వర్తించే సాధారణ నియమం ఉంది. ఉపనయంలో ఆ నియమాన్ని ‘ఈ కొండ’కు అన్వయిస్తున్నాం. నిగమనంలో దాని నుంచి ఫలితాన్ని విడదీస్తున్నాం. సాధారణ నియమం, ప్రతిక్షేపణ, విడదీత అనే ఈ మూడు మెట్లనూ ఆధునిక తర్కం కూడా విడివిడిగానే రాస్తుంది. భారతీయ తర్కాన్ని ఆధునిక తర్క పరికరాలతో చదివిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

చెదిరిన బడి

1939 ఆగస్టులో టార్స్కీ అమెరికాలోని హార్వర్డ్‌లో జరిగే మహాసభ కోసం ఓడ ఎక్కాడు. సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. భార్య, ఇద్దరు పిల్లలు వార్సాలోనే చిక్కుకున్నారు; వారిని ఆయన మళ్లీ చూసింది 1946లో. తల్లిదండ్రులు, తమ్ముడు నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. హొసియాసన్ భర్త, తర్కవేత్త అడోల్ఫ్ లిండెన్‌బౌమ్ 1941లో హత్యకు గురయ్యాడు; మరుసటి ఏడాది విల్నియస్‌లో ఆమెనూ చంపేశారు. ప్రెస్‌బర్గర్ యుద్ధం దాటి బతకలేదు. లెష్నెఫ్‌స్కీ యుద్ధానికి కొద్ది నెలల ముందే మరణించాడు. ఆయన రాతప్రతులు 1944 వార్సా తిరుగుబాటు మంటల్లో కాలిపోయాయి. విశ్వవిద్యాలయాలు మూతపడిన ఆ ఏళ్లలో రహస్యంగా ఇళ్లలో పాఠాలు చెప్పిన వారిలో ఈ సంప్రదాయపు ఆచార్యులూ ఉన్నారు. యుద్ధం ముగిశాక వుకషెవిచ్ డబ్లిన్‌లో, టార్స్కీ కాలిఫోర్నియాలోని బర్కిలీలో స్థిరపడ్డారు. ల్వూవ్ సోవియట్ యూనియన్‌లో కలిసింది.

బడి చెదిరినా అది నేర్పిన పాఠం చెదరలేదు. బర్కిలీలో టార్స్కీ చుట్టూ పెరిగిన కొత్త తరం, భాషకూ అది మాట్లాడే లోకానికీ ఉన్న సంబంధాన్ని గణితంలో ‘నమూనా సిద్ధాంతం’ అనే పూర్తి శాఖగా మార్చింది. వాక్యం ఎలా అతుక్కుంటుందో లెక్కలాగా చూపే ఐదుకెవిచ్ 1935 నాటి వ్యాకరణ పద్ధతి, భాషను విశ్లేషించే కంప్యూటర్ పరిశోధనకు పునాదుల్లో ఒకటైంది.

వార్తల్లోనో, ఫోన్లోనో ఒక శాస్త్ర విషయం ఎదురైనప్పుడు ఈ సంప్రదాయం మన చేతికి మూడు ప్రశ్నలు ఇస్తుంది. ఈ వాక్యం పూర్తిగా ఉందా, లేక ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నవి వదిలేశారా? దీన్ని నిజం అంటున్నారా, ఫలానా పద్ధతిలో తేలింది అంటున్నారా? ఇంకా తెలియనిదాన్ని అబద్ధంగానో, నిజంగానో లెక్క కట్టేస్తున్నారా? యంత్రాలే వాక్యాలు అల్లుతున్న ఈ కాలంలో ఈ ప్రశ్నల అవసరం పెరిగిందే కానీ తగ్గలేదు. అల్లిక ఎంత చక్కగా ఉన్నా, అది కొటేషన్ గుర్తుల లోపలి సంగతి.

టార్స్కీ నిర్వచనానికి ఒక పరిమితి ఉంది. “మంచు తెల్లగా ఉంటుంది” అన్నది ఎప్పుడు నిజమవుతుందో అది చెబుతుంది. మంచు తెల్లగా ఉందో లేదో మాత్రం చెప్పదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్లి మంచును చూడాలి.